అటకమీది బ్యాటు

మా వంటగది ప్రక్క అటకమీద ఒక బాల్ బ్యాడ్మింటను బ్యాటున్నది. మొన్న పాత యిత్తడి గిన్నెలకై నిచ్చెన వేసినప్పుడు అది నా చేతికి దొరకెను. తీగలు సడలినవి, పిడికి చుట్టిన గుడ్డ చీకిపోయినది. దానిని అచ్చట పెట్టినవాడను నేనే. నా కుమార్తె పదవతరగతిలో నున్న సంవత్సరమున, పరీక్షలు కాగానే యిచ్చెదనని చెప్పి పెట్టితిని. పరీక్షలు ముగిసినవి. తరువాత ఇంటర్మీడియేటు. ఆమె చేరిన కళాశాలకు ఆటస్థలమే లేదు; నాలుగంతస్తుల మేడయు, దాని క్రింద బండ్లు నిలుపు చోటును మాత్రముండెను. ఆ పిమ్మట ఇంజనీరింగు. బ్యాటు మాట నేనెత్తలేదు, ఆమెయు అడుగలేదు. అడుగకపోవుటను నేను వినయమనుకొంటిని.

ఆ దినములలో నేను ఆమెకు పలుమారు చెప్పుచుండిన పేరు కాల్టెక్. కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణమున 1891లో స్థాపింపబడిన యా ప్రైవేటు విద్యాలయము మిక్కిలి చిన్నది. పట్టభద్రులు కాగోరి చదువు విద్యార్థులు ఇంచుమించు వేయిమందియే. ఫైన్మన్ పాఠములు చెప్పినది అచ్చటనే. "అచ్చటి పిల్లలు బంతులాడుచు కాలము గడిపిరా?" అని నేను మందలించుచుంటిని.

బ్యాటు దొరకిన నాటి రాత్రి భోజనముల వేళ, ఇప్పుడు ముప్పది దాటిన నా కుమార్తె నవ్వి, "నాన్నగారూ, మీ కాల్టెక్ వారు ఆడిరి. ఆడి యోడిరి. ఎన్నిమారులో తెలియునా?" అనెను.

నాకు తెలియదు. ఆమె చెప్పగా విని, పిమ్మట నేనును వెదకి చదువుకొన్న సంగతి యిది. అచ్చటి పురుషుల బాస్కెటుబాలు జట్టు 1985 జనవరిలో తన లీగులో నొక పోటీ గెలిచెను. ఆ లీగులో మరల గెలిచినది 2011 ఫిబ్రవరి 22వ తేదీన. నడుమ వరుసగా 310 ఓటములు. 1985లో ఆడినవారి బిడ్డలు పెరిగి కళాశాలలో చేరదగినంత కాలము! లీగు వెలుపలను పరిస్థితి మెరుగుకాదు. 2007 జనవరిలో బార్డ్ కళాశాలపై 81–52తో గెలుచు వరకు, తమ వంటి మూడవ శ్రేణి జట్లపై ఆడిన 207 పోటీలలో వరుసగా ఓడిరి.

కారణము గూఢమైనది కాదు. ఆ శ్రేణి కళాశాలలు ఆటకుగాను విద్యార్థివేతన మీయరాదు. పొడుగరి యను కారణమున గణితము రానివానిని కాల్టెక్ చేర్చుకొనదు. జట్టులో కొందరు అంతకుముందు బడిలో ఆ యాట నాడియే యెరుగరు. పగలంతయు ప్రయోగశాలలో నుండి, సాయంకాలమున వచ్చి బంతి పట్టుకొని, ఓడి, మరల లెక్కలు చేసికొనుటకు పోయెడివారు.

2011లో ఆ సంవత్సరపు కడపటి పోటీలో ఆక్సిడెంటల్ కళాశాలతో 45–45 సమానముగా నుండగా, 3.3 సెకన్లు మిగిలినప్పుడు, కంప్యూటరు శాస్త్రము చదువుచున్న విద్యార్థి యొకడు ఫ్రీత్రో వేసి ఒక్క పాయింటు సంపాదించెను. 46–45.

"ఇన్నేండ్లు ఓడుచున్న జట్టును ఎందుకు మూసివేయలేదు?" అని నేనడిగితిని.

"గెలుపు కొరకే పెట్టియుండినచో మూసివేసియుందురు" అని ఆమె పెరుగు వడ్డించుచు అనెను.

నేను ఓటమి నొప్పుకొనలేదు. మరునాడు చదువుచుండగా వారి తప్పొకటి దొరకెను, చెప్పవలదా? అచ్చట విద్యార్థులు పాదకాలము మొదటి మూడు వారములు తరగతులను రుచి చూచి, తరువాతనే పేరు నమోదు చేసికొను అలవాటుండెను. అందుచే ఆ వారములలో కొందరు ఆటగాండ్రు నియమము ప్రకారము పూర్తికాలపు విద్యార్థులు కాకుండగనే ఆడిరి. 2012లో జాతీయ క్రీడాసంఘము వారిని శిక్షించి, కొన్ని గెలుపులను రద్దుచేసెను. అసలే గెలుపులు తక్కువ! ఈ సంగతి చెప్పి నేను విజయగర్వముతో చూడగా, "ఆ తప్పును సంఘమునకు తెలిపినదెవరో చదివితిరా?" అని ఆమె యడిగెను. చదివితిని. తెలిపినది ఆ విద్యాలయమే.

ఇంతకంటె నన్ను తాకినది మరియొకటి. వ్యాయామ తరగతులు మూడు పూర్తిచేయనిదే అచ్చట పట్టమీయరు. నేను నా బిడ్డకు ఆదర్శముగా చూపిన చోట, ఆట మానినవానికి చదువు పూర్తికాదు. మన బడులలో ఆటల గంట గణితమునకు పోవును. కప్పు తెచ్చెదరని తోచిన పదిమంది మైదానమునకు పోవుదురు. తక్కినవారు, అందును బాలికలు, కిటికీలలో నుండి చూతురు. నా కుమార్తె జిల్లా పోటీలో రెండవ యాటలోనే ఓడినది. గెలిచియుండినచో నేను ఆ బ్యాటును అటక నెక్కించి యుందునా? ఈ ప్రశ్న నన్ను వదలుట లేదు. ఇప్పుడామె దినమునకు పదిగంటలు కుర్చీలో కూర్చుండి పనిచేయును. నడుమునొప్పికి మాత్రలు మ్రింగును. ఆ మాత్రలు తెచ్చువాడను నేనే.

నిన్న సాయంకాలము బ్యాటును ఆటవస్తువుల యంగడికి తీసికొనిపోతిని. తీగలు కట్టువాడు దానిని వ్రేలితో మీటి చూచి, "ఎవరాడుదురండీ? ఎంత బిగువుగా కట్టవలెను?" అని యడిగెను. ఇంటికి పోయి అడిగి వచ్చెదనని చెప్పి, బ్యాటును అచ్చటనే యుంచి వచ్చితిని.