14 దీవుల నగరం

స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోం. మేలారెన్ సరస్సు బాల్టిక్ సముద్రంలో కలిసేచోట, 14 దీవుల మీద ఈ నగరం వుంది. ఎటు చూసినా నీళ్లు, నీళ్ల మీద వంతెనలు! గామ్లా స్టాన్ అనే పాతపేటలో ఒక సందు, ఇరుకైనచోట, 90 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే వుంటుంది.

ఇటువంటి నగరంలో దారులు పెంచటం సులభం కాదు. పొద్దున్నే అందరూ దగ్గరిదారిన బయలుదేరితే అది కిక్కిరిసిపోతుంది. కొందరు చుట్టుదారి పడతారు. కొంతసేపటికి అదీ నిండుతుంది. చివరకు ఏ దారిన పోయినా ఒకటే ఆలస్యం! ఇంగ్లండుకు చెందిన వార్డ్‌రాప్ 1952లో ఈ సంగతిని ఒక సూత్రంగా చెప్పాడు.

అయితే మనుషులందరూ ఒక్కలాంటివాళ్లు కారు. ఒకరికి కాలం ముఖ్యం, మరొకరికి డబ్బు. రోగిని చూడబోయే డాక్టరు ఒక్క నిమిషం ఆగలేడు. బజారుకు పోయేవాడు రేపు పోయినా నష్టం లేదు. ఎవరి తొందర ఎంతో తెలిసేదెలా?

2006 జనవరి 3న స్టాక్‌హోంలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పనిరోజుల్లో, పగటిపూట, నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకూ, పోయే కార్లకూ వేళనుబట్టి 10 నుంచి 20 క్రోనార్ల సుంకం విధించారు. రాత్రిళ్లు సుంకం లేదు. అంతకుముందే బస్సులు పెంచారు.

అందరూ కార్లు మానేశారా? లేదు. రాకపోకలు సుమారు అయిదోవంతు తగ్గాయి, అంతే. కొందరు బస్సో రైలో ఎక్కారు. కొందరు అంతగా అవసరంలేని ప్రయాణాలు తగ్గించారు. అయినా బారులు తీరి నిలిచే కార్లు ఎంతో తగ్గాయి. నిండిన బిందెలో చివరగా పోసిన చెంబెడు నీళ్లే గదా పొర్లిపోయేది!

డబ్బున్నవాడికి 20 క్రోనార్లు లెక్క కాదు, లేనివాడికి భారమే. జూలై 31న ప్రయోగం ఆపి, సెప్టెంబరులో ప్రజలను అడిగారు. చుట్టుపక్కల చాలా ఊళ్లవాళ్లు వద్దన్నారు. నగరంలో ఓటు వేసినవారిలో ఎక్కువమంది కావాలన్నారు. 2007 ఆగస్టు 1 నుంచి సుంకం స్థిరపడింది.

మొదట పడమటివైపు పోయే ఎస్సింగెలెడెన్ రహదారికి సుంకం లేదు. 2016లో దానికీ వచ్చింది.

ఇప్పుడు అక్కడ ప్రతివాడూ బండి తీసేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఈ వేళప్పుడు, ఈ దారిన, నేను నిజంగా పోవాలా?" ఆ ఒక్క ప్రశ్నే డాక్టరుకు దారి ఇస్తుంది.