ఇంటికి తగిన తివాచీ: అత్తిలి నుండి ఏలూరు దాకా



నిడదవోలు నుండి భీమవరం వెళ్లే రైలుమార్గంలో తణుకు, వేల్పూరు, రేలంగి దాటితే అత్తిలి వస్తుంది. చుట్టూ వరిచేలు, కాలువలు, చెరువులు. ఆ నీరే తేమగా మా ఇళ్లలోకీ వస్తుంది. వానాకాలంలో పెట్టెలోని బట్టలకు ముక్కవాసన పడుతుంది, మూలన చుట్టిపెట్టిన చాపకు బూజు పడుతుంది. ఇటువంటి చోట నేలమీద ఏమి పరచుకోవాలన్నది చిన్న విషయంగా తోచవచ్చు. ముసలివారు, పసిబిడ్డలు ఉన్న ఇంట్లో అది అంత చిన్న విషయం కాదు.

మా వీధిలో పాత గచ్చునేలలు పోయి టైల్సు, గ్రానైటు వచ్చాయి. తుడవడం తేలికే గాని, తెల్లవారుజామున కాళ్లు జివ్వుమంటాయి. తడి పడితే జారుతాయి. మా ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మగారు ఉన్నారు, ఇప్పుడిప్పుడే పాకుతున్న బిడ్డ ఉన్నది. నెలకొకసారి గృహకూటమునకు ఇరవైమంది వస్తారు. అందరూ నేలపైనే కూర్చుంటారు. కనుక క్రిస్మసుకు ముందుగా మంచి తివాచీ ఒకటి కొందామని నిశ్చయించుకొని ఏలూరు బయలుదేరాము.

అత్తిలి నుండి తాడేపల్లిగూడెం వరకు బస్సు, అక్కడ నుండి రైలు. పూళ్ళ, భీమడోలు, దెందులూరు స్టేషన్లు దాటుతుంటే ఎడమచేతి వైపు, దక్షిణంగా, కొల్లేటి పల్లపు భూములు ఉంటాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. 2002లో కొల్లేరును అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసార్ జాబితాలో చేర్చారు. ఇటువంటి చిత్తడి నేలల్లో పెరిగే తుంగతోనే మన పెద్దలు చాపలు అల్లుకున్నారు. తుంగను కోసి, చీల్చి, ఎండబెట్టి, తాడు పడుగుగా పోసి నేసేవారు. చాప వేసవిలో ఒంటికి చల్లగా ఉంటుంది, తడిసినా ఒక ఎండకు ఆరుతుంది. తివాచీ కొనడానికి వెళుతూ చాపను తలచుకోవడం వింతగా ఉండవచ్చు గాని, తేమ నేలకు ఏది తగునో ఆ పెద్దలకు తెలుసు.

పవర్‌పేట దాటాక ఏలూరు. 2022 ఏప్రిల్ నుండి ఇది వేరే జిల్లాకు కేంద్రం. మా అత్తిలి పశ్చిమ గోదావరిలోనే ఉన్నది. ఏలూరు ఉన్ని తివాచీలకు చాలాకాలంగా పేరున్నది. ముస్లిం ప్రభువుల కాలంలో పర్షియా నుండి వచ్చినవారు ఈ పని తెచ్చారని తరతరాలుగా చెప్పుకుంటారు. మేము తంగెళ్లమూడి వైపు వెళ్లి మగ్గం చూశాము.

మగ్గం నిలువుగా నిలబడి ఉంటుంది. పైనుండి క్రిందికి నూలు పడుగు. నేతగాడు దాని ముందు కూర్చుని, గళ్ల కాగితం మీది నమూనా చూస్తూ, రంగు ఉన్నిపోగును పడుగు దారాలకు ముడివేసి కత్తితో కోస్తాడు. ఒక వరుస ముడులు పూర్తికాగానే పేక దారం దూర్చి, పంజాతో గట్టిగా కొట్టి బిగిస్తాడు. మళ్లీ వరుస. ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల తివాచీలో చదరపు అంగుళానికి 60 ముడులు అనుకుందాం. మొత్తం 2,07,360 ముడులు! ఒక మనిషి రోజుకు ఆరువేల ముడులు వేసినా నెల దాటి నాలుగు రోజులు పైన పడుతుంది. ఆ లెక్క వేసుకున్న తరువాత బేరమాడడానికి మాకు నోరు రాలేదు.

“ముందు తిరగేసి చూడండమ్మా, ముఖం చూసి కొనకండి” అన్నాడు అక్కడి పెద్దాయన. ఆయన చెప్పినవి, మేము పరీక్షించి తెలుసుకున్నవి మీకోసం వ్రాస్తున్నాము.

1. చేతిముడుల తివాచీ అయితే ముందరి పువ్వు వెనుక కూడా స్పష్టంగా కనబడుతుంది. వెనుక జిగురుతో గుడ్డ అంటించి ఉంటే అది చేతిముడులది కాదు.

2. అంచు కుచ్చులు పడుగు దారాల కొనలే అయి ఉండాలి. తరువాత కుట్టిన కుచ్చులు అనుమానానికి తావిస్తాయి.

3. వెనుక నుండి ఒక ఉన్నిపోగు తీసి, ఇంటి బయట జాగ్రత్తగా వెలిగించి చూడండి. నిజమైన ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేసి, వ్రేళ్లతో నలిపితే పొడి అవుతుంది. సింథటిక్ పోగు కరిగి గట్టి ముద్ద అవుతుంది.

4. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటకూడదు.

మరొక మాట అడగడం మరువకండి: ఈ ముడులు ఎవరు వేశారు? ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ ప్రాంతపు మగ్గాల మీద పసిపిల్లల చేత పనిచేయించిన సంగతి దేశమంతా చర్చకు వచ్చింది. తివాచీ నేత పనిలో పిల్లలను పెట్టరాదని 1986 చట్టమే చెప్పింది. 1994లో కైలాష్ సత్యార్థి రగ్‌మార్క్ అనే గుర్తును ప్రారంభించారు. 2009 నుండి అది గుడ్‌వీవ్ పేరుతో నడుస్తున్నది. మన బిడ్డ పాకే తివాచీ మరొక తల్లి బిడ్డ వ్రేళ్లు అరగదీసినది కాకూడదు గదా!

కొనేముందు ఇంటి నేలను కూడా పరీక్షించాలి. అరగజం పాలిథిన్ కాగితాన్ని నేలపై పరచి, నాలుగంచులూ టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. అడుగున నీటిబొట్లు కనబడితే ఆ గది నేల తేమ లాగుతున్నదని అర్థం. మా ఇంటి పాత భాగంలో బొట్లు కనిపించాయి, కొత్త హాలులో లేవు. తేమ గదిలో ఉన్ని పరిస్తే వాసన, బూజు తప్పవు. కాబట్టి అయిదు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు గల ఒకే ఒక ఉన్ని తివాచీ హాలు కోసం తీసుకున్నాము. నేలబురద తెలియని ముదురు ఎరుపు రంగు ఎంచుకున్నాము. దానిపై పిల్లది ఆడుకుంటుంది. పాత గదికి పగలు పరచి సాయంత్రం ఎత్తివేసే తుంగచాప చాలు.

గృహకూటమునకు నూలు జంపఖానాలు రెండు తెచ్చాము. జంపఖానా రెండువైపులా ఒకే తీరుగా ఉంటుంది, తిరగేసి వాడవచ్చు, ఇంట్లోనే ఉతకవచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇరవైమంది కూర్చునే చోట ఖరీదైన ఉన్ని పరిస్తే వచ్చినవారు అడుగు పెట్టడానికి జంకుతారు. కూర్చునేవారికి జంకు లేకుండా చేయడమే పరుపు ధర్మం.

ఇక పెద్దమ్మగారి సంగతి. ఆమె మంచం ప్రక్కన ఒక చిన్న తివాచీ వేద్దామని ముందు అనుకున్నాము. “నా కాలు దాని అంచుకే తగులుతుందిరా, వద్దు” అన్నారు ఆమె. ఆ మాట నిజం. ముసలివారు పాదం పైకెత్తకుండా ఈడ్చి నడుస్తారు. చీకట్లో లేచినప్పుడు ముడుచుకున్న అంచు, జారే చిన్న పట్టా రెండూ ప్రమాదమే. ఒక్కసారి తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో అనేక కుటుంబాలకు తెలుసు. అందుచేత ఆమె మంచం నుండి స్నానాలగది వరకు ఏమీ పరచలేదు. దారిని పొడిగా ఉంచి, రాత్రంతా చిన్న దీపం వెలిగేలా ఏర్పాటు చేశాము. కాళ్ల చలికి అడుగున రబ్బరు గల చెప్పులు కొన్నాము. హాలులోని తివాచీ క్రింద కూడా జారకుండా రబ్బరు వల వేశాము.

తివాచీని మడత పెట్టకండి, చుట్టిపెట్టండి. నెలకొకసారి తిరగేసి దులపండి. మబ్బు తొలగిన రోజున కొంతసేపు ఎండ చూపించి, పూర్తిగా ఆరిన తరువాతే వేపాకు వేసి చుట్టండి. తడి, చీకటి కలిసిన చోటికే చిమ్మెట వస్తుంది. మీ దగ్గర డబ్బు తక్కువైతే అప్పుచేసి ఉన్ని కొనవద్దు. మంచి చాప, శుభ్రమైన జంపఖానా ఉన్న ఇంట్లో ఏ అతిథికీ లోటు ఉండదు.