మే నెలలో అమ్మా నాన్నా వస్తే...

పిల్లలకి సెలవలిచ్చారంటే చాలు, మామిడిపళ్ళ బుట్టతో, సున్నుండల డబ్బాతో ఊరినుంచి అమ్మా నాన్నా దిగుతారు. మొదటి రెండు రోజులూ కబుర్లతోనే సరిపోతుంది. మూడో రోజుకి నాన్నగారు బాల్కనీలో నిలబడి రోడ్డు మీద పోయే ఆటోలు లెక్కపెడుతూ ఉంటారు. నాలుగో రోజు "ఊళ్ళో పనులున్నాయమ్మా, అల్లుడుగార్ని టికెట్టు చూడమను" అంటారు. నడివేసవిలో ఊళ్ళో ఏం పనులు చెప్పండి? ఫ్లాటులో తోచకపోవటం ఒకటి, కూతురింట్లో ఎన్నాళ్ళని ఉంటామన్న మొహమాటం ఒకటి!

పోనీ ఊరు చూపిద్దామంటే హైదరాబాదు ఎండ సంగతి మీకు తెలియంది కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. వయసు మీదపడ్డవాళ్ళకి దాహం సరిగ్గా తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. దానికి తోడు మన అమ్మలకో అలవాటు ఉంది, గమనించారా? బయటికెళ్తున్నామంటే ముందురోజునుంచే మంచినీళ్ళు తగ్గించేస్తారు. దారిలో బాత్రూముకి వెళ్ళాల్సొస్తే ఎవర్నడగాలి, అల్లుడుగారి ముందు ఏం బాగుంటుంది అని! ఎండ దెబ్బకంటే నాకు ఈ మొహమాటమంటేనే ఎక్కువ భయం.

అందుకని మా అమ్మానాన్నలకి (ఆయనకి 76, ఆవిడకి 70, బందరు దగ్గర పల్లె) నీడపట్టున కూర్చోబెట్టి చూపించగల చోట్లే వెతుకుతాను. వాటిలో నా ఓటు ఎప్పుడూ సాలార్ జంగ్ మ్యూజియానికే. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున్న పదింటికి తీస్తారు. తొమ్మిదికల్లా టిఫిను పెట్టి మెట్రోలో ఎక్కించేస్తాను. ఈ మెట్రో 2017 నవంబరులో వచ్చిందగ్గర్నుంచీ వేసవి ప్రయాణం తేలికైంది. చల్లటి పెట్టె, స్టేషన్లో లిఫ్టు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగి ఆటో ఎక్కితే మ్యూజియం కాస్త దూరమే. నాన్నగారికైతే మ్యూజియం సంగతి తర్వాత, కిటికీలోంచి ఊరంతా పైనుంచి కనిపిస్తుంటే అదే పెద్ద వినోదం.

లోపలికి వెళ్ళగానే నేను చేసే మొదటి పని బాత్రూము ఎక్కడుందో కనుక్కుని, అమ్మని ఒకసారి తీసుకెళ్ళి చూపించటం. నవ్వకండి! ఆ ఒక్క పనితో ఆవిడ బాటిలు మూత తీసి ధైర్యంగా నీళ్ళు తాగుతుంది. మోకాళ్ళ నెప్పులున్నవాళ్ళకి చక్రాల కుర్చీ సంగతి టికెట్ల దగ్గరే అడగండి. "నాకెందుకూ, నేను నడవగలను" అనే అంటారు. మీరు అడిగేసి పక్కన పెట్టుకోండి, గంట తర్వాత వాళ్ళే కూర్చుంటారు. సినిమా హాల్లో ఉన్నంత చల్లదనం మాత్రం ఆశించకండి, నీడా ఫ్యాను గాలీ దొరికితే అదే భాగ్యం.

మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో పోయాక, ఆ కుటుంబం పోగుచేసిన వస్తువులతో 1951లో మొదట వాళ్ళ దివాన్ దేవిడీలోనే ప్రదర్శన పెట్టారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. అన్నీ చూడాలనుకుంటే ఒక్క రోజు చాలదు, మన కాళ్ళూ చాలవు. నాలుగైదు ఎంచుకోండి.

గడియారం దగ్గర పదకొండుకి పది నిమిషాలుండగానే చేరండి. జనం అప్పటికే కూర్చుని ఉంటారు. చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూ ఉంటే, గంట కాగానే తలుపు తీసుకుని గడ్డపాయన ఒకడు బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి పోతాడు. మా నాన్నగారు వేలు మడిచి పదకొండూ లెక్కపెట్టారు. చిన్నపిల్లలకీ ఆయనకీ తేడా లేదు!

ముసుగు రెబెకా పాలరాతి బొమ్మని ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు. మొదటి సాలార్ జంగ్ 1876లో రోములో కొన్నాడట. రాయే అయినా తడి ముసుగులోంచి మొహం కనిపిస్తున్నట్టుంటుంది. అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి "వంటింట్లో ఉడికిపోతూ కొంగు నెత్తిన వేసుకున్నట్టుందే" అంది. చెక్కబొమ్మ ఇంకొకటి. ముందునుంచి చూస్తే పొగరుబోతు మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో తలవంచుకున్న మార్గరెట్టా. ఒకటే చెక్క! అద్దకం బట్టల ముందు మాత్రం నేను నోరు మూసుకున్నాను. పెడన కలంకారీ చూస్తూ పెరిగిన మనిషి కదా, రంగుకి కరక్కాయ ఎందుకు వాడతారో, బట్టని ఎన్నిసార్లు ఉతుకుతారో పిల్లలకి అమ్మే చెప్పింది. పక్కన నిలబడ్డ ఎవరో పంజాబీ ఆవిడ కూడా, భాష రాకపోయినా, అంతా విన్నది.

పన్నెండున్నరకల్లా బయటపడి కారు గుమ్మందాకా పిలిపించుకోండి. పక్కనే చార్మినార్ కదా అని ఆశపడకండి, అది డిసెంబరు పని.

ఇంకో రోజుకి నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ఉంది. తెలుగు ఆట టైము ముందే కనుక్కుని వెళ్తే వెనక్కి వాలి కూర్చుని నక్షత్రాలు చూడొచ్చు. దగ్గర్లోనే బిర్లా మందిరం ఉంది గాని, మెట్లు ఎండలో ఎక్కించకండి, పొద్దు వాలాక దర్శనం హాయి. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చిన్నది, ఆరో నిజాం బట్టల బీరువా ఒక్కటే ఓ పెద్ద హాలంత పొడవుంటుంది. దాన్ని చూశాక మనింట్లో బీరువా చాలలేదన్న మాట మావారి ముందు ఎత్తలేకపోయాను.

రెండు జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటాను. మూత్రం ఎక్కువ పోయేట్టు చేసే బి.పి. మాత్రలు వాడేవాళ్ళకి ఎండాకాలం మోతాదు గురించీ, మజ్జిగలో ఉప్పు గురించీ డాక్టర్ని ముందే అడగాలి. మాట తడబడినా, మగతగా ఉన్నా, ఒళ్ళు కాలిపోతున్నా నీడకి చేర్చి, తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ 108కి ఫోను చెయ్యాలి. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఇంటిపట్టున ఉండే రోజుల్లోనూ కన్నేసి ఉంచండి. మా అమ్మ మేడ మీద పోసిన వడియాలు తిరగెయ్యాలని మిట్టమధ్యాహ్నం మెట్లెక్కబోయింది. ఇప్పుడు ఆ పని సాయంత్రం ఆరు దాటాక మా పెద్దాడిది. ఆవిడేమో ఫ్యాను కింద పీట వేసుకుని ఆవకాయ ముక్కలు తుడుస్తూ, ఉప్పూ కారం పాళ్ళు మా ఎదురింటావిడకి నేర్పుతోంది.