సర్కారు వకీలు బదులు నిలబడ్డ పిలగాడు

ఈసారి పొలం ముచ్చట కాదు, కోర్టు ముచ్చట.

కాల్వ కింద పోయిన నా 30 గుంటలకు కోర్టు పెంచిన పైసలు ఇంకా చేతికి రాలే. ఈపీ నడుస్తున్నది. మొన్నటి వాయిదాకు జీపీ సారు, అంటే పెద్ద సర్కారు వకీలు, రాలేదు. ఆయన బదులు నల్లకోటు పిలగాడొకడు లేచి "వచ్చే నెల జమ చేస్తరు సార్" అన్నడు. నేను సంబురపడి ఇంట్ల కొత్త మోటరు సంగతి కూడా చెప్పేసిన. నెల దాటింది. ఆఫీసుల అడిగితే "అట్ల చెప్పమని మేం రాసియ్యలే" అన్నరు.

మరి ఆ పిలగాడు ఏ అధికారంతో మాట్లాడిండు?

హఫీజ్‌పేటల బిడ్డ ఇంటికి పోయినప్పుడు పక్క ఫ్లాట్ వకీలు సాబును అడిగిన. ఆయన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌ల సెక్షన్ 2(7) చూపిచ్చిండు. జీపీ అంటే ఆయనొక్కడే కాదట, ఆయన చెప్పినట్టు నడిచే ప్లీడరు కూడా జీపీయేనట. హైకోర్టుల అడ్వకేట్ జనరల్ అయినా అన్ని హాళ్లల్ల ఒక్కడే నిలబడలేడు గదా. మనం జీపీఏ ఇయ్యాలంటే స్టాంపు, సాక్షులు కావాలె. వీళ్లకు చట్టమే కాయితం. (జీపీ, జీపీఏ నాకు మొదట ఒక్కటే అనిపించినయి.)

కానీ నిలబడే హక్కు వేరు, మాటిచ్చే హక్కు వేరు. కక్షిదారు స్పష్టంగా చెప్పనిదే అతని హక్కులు వదులుకునే ఒప్పుకోలు వకీలు ఇయ్యరాదని 2015ల హిమాలయన్ కోఆపరేటివ్ సొసైటీ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు కూడా కక్షిదారే.

సాబు కిటికీ దిక్కు చెయ్యి చూపిండు. ఈ హఫీజ్‌పేట, పక్కన హైదర్‌నగర్ పాయిగా భూములు 1958 నాటి సీఎస్ 14 దావాలోవి. 1963ల ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. 2023ల కూడా హైదర్‌నగర్ భూముల మీద సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సొచ్చింది. ఇన్నేండ్లల్ల ఎంతమంది సర్కారు వకీళ్లు మారి ఉంటరు! ఎవరు నోటితో ఏమన్నరో ఎవరికి యాది?

"నీ డాకెట్‌ల ఆ మాట రాసి ఉన్నదా?" అని అడిగిండు. నేను చూడనే లేదు. కోర్టుకిచ్చిన హామీగా రికార్డయి తప్పితే, 1971 చట్టం కింద ధిక్కారం వేయొచ్చట. నకలు తీస్తే తారీఖు ఒక్కటే ఉన్నది.

ఈసారి రాతపూర్వక ఆదేశం తెమ్మని అడగుమని మా వకీలుకు చెప్పిన. మోటరు ముచ్చట మాత్రం ఇంట్ల ఎత్తుతలేను.