హొగేనక్కల్‌లో వరద తీసిన తరువాత

నిప్పు లేనిదే పొగ రాదంటారు. హొగేనక్కల్‌లో నీటికే పొగ వస్తుంది. కన్నడంలో ‘హొగె’ అంటే పొగ, ‘కల్లు’ అంటే రాయి. కావేరి బండలమీద పడి లేపే తుంపరనుబట్టి వచ్చిన పేరది.

ధర్మపురినుండి పెన్నాగరం మీదుగా అడవిలో ఘాటుదారి దిగి మేము వెళ్ళేసరికి 2024 వరద తీసి కొద్దివారాలే అయింది. ఆ జులై ఆఖరున కబిని, కృష్ణరాజసాగరం నిండి వదలిన నీరు జలపాతాలనే కప్పివేసింది. దిగువన మేట్టూరు జులై 30న 120 అడుగుల నిండుమట్టం అందుకొన్నది. తంజావూరు రైతుకు అది పండగే. ఇక్కడ మాత్రం స్నానాలు నిషేధించారు, పుట్లు ఒడ్డున బోర్లించారు.

ఒకతను పుట్టి అడుగున తారు పూస్తున్నాడు. ఆ వెదురుబుట్టకు పూర్వం తోలు కట్టేవారట. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా.

“పని లేక చాలారోజులు కూర్చున్నావా, తమ్ముడూ?” అని మా ఆవిడ తమిళంలో అడిగింది. జవాబు తెలుగులో వచ్చింది!

“మాది కృష్ణగిరి పక్కనే అక్కా. నీళ్ళు తగ్గినా పస్తే, పొంగినా పస్తే.”

చేపలు వేయించే అంగళ్ళు సగమే తెరిచారు. నూనె మర్దనవాళ్ళు సీసాలు పట్టుకొని ఎదురొచ్చారు. నేను తప్పించుకొన్నాను గాని, తరువాత సిగ్గుపడ్డాను.

అతని పుట్టే ఎక్కాము. పిల్లల కేకలకోసం రెండుసార్లు గిర్రున తిప్పాడు. బండగోడల మధ్యకు వచ్చాక తెడ్డు ఎత్తి చూపించాడు. మా తలలకు ఎంతో పైన, రాతినెర్రెలో వరద ఇరికించిన గడ్డి ఎండి వ్రేలాడుతున్నది.