తాతయ్య లెక్క

మొన్న ఆదివారం మధ్యాహ్నం పరీక్ష పేపర్లు ముందేసుకుని కునికిపాట్లు పడుతున్నాను. పక్కగదిలో ఢమఢమలు మొదలైనాయి. ఏమిటా అని వెళ్ళి చూద్దును గదా, మా అబ్బాయి కంప్యూటరు తెరమీద రెండో ప్రపంచయుద్ధం నడుపుతున్నాడు!

'కంపెనీ ఆఫ్ హీరోస్' అనే ఆటట. 2006లో వచ్చింది; మరుసటేడు అందులోకి బ్రిటిషు సైన్యం కూడా దిగిందట.

"చూడు నాన్నా, ఈ గోతిలో మోర్టార్లు పెట్టాను. గోడ అవతలున్న మెషీన్‌గన్నుని ఇక్కణ్ణుంచే లేపేస్తా" అన్నాడు. లేపేశాడు కూడా. ఎంతమంది పోయారో తెరమీద అంకె కనిపించింది.

ఇంగ్లీషులో మోర్టారంటే రోలు అని కూడా అర్థం. తెలుగు మేష్టర్ని గనుక నాకు ముందు రోలే తోచింది. ఆ వెనక మా తాతయ్య జ్ఞాపకం వచ్చాడు. 1944లో ఆయన బ్రిటిషిండియా సైన్యంతో బర్మా సరిహద్దు కొండల్లో తిరిగాడు. భయమెయ్యలేదా అని అడిగితే, "రోట్లో తల దూర్చి రోకటిపోటుకు వెరిస్తే ఎలారా?" అని నవ్వేవాడు.

ఆయన పనిచేసింది మూడంగుళాల మోర్టారు దగ్గర. మొదటి యుద్ధంలో, 1915లో, కందకాల్లో దాగిన శత్రువుని కొట్టడానికి విల్‌ఫ్రెడ్ స్టోక్స్ అనే ఇంజనీరు దాని తొలి రూపం తయారుచేశాడు. గొట్టం మూతిలోంచి పది పౌన్ల బాంబు జారవిడిస్తే అడుగునున్న మొన తగిలి, మందు అంటుకుని, బాంబు ఆకాశానికి లేచి, గుట్టలు దాటి నెత్తిన పడుతుంది. రెండో యుద్ధం తొలిరోజుల్లో 1600 గజాల దూరం పోయేది. తరవాత 2750 గజాలదాకా పెంచారు. గొట్టం, కాళ్ళు, అడుగుపలక అని మూడు భాగాలు; ఒక్కొక్కటి ఇంచుమించు నలభై పౌన్లు. బండి ఎక్కని కొండల్లో మనుషులో, కంచరగాడిదలో మోయాలి. తాతయ్య వాటాకి అడుగుపలక వచ్చింది.

ఆట తప్పని నేననను. మరీ దగ్గరికొచ్చిన శత్రువుని మోర్టారు కొట్టలేదు. ముందు ఒకడుండి చూసి చెబితేనే గురి కుదురుతుంది. ఈ రెండూ ఆటలో ఉన్నాయి. కాని ఆటలో ముందువాడు చూసింది వెనకవాడికీ కనిపిస్తుంది. తాతయ్యకి కనిపించేది ఎదురుగా గుట్ట ఒక్కటే. "ఎడమకి యాభై గజాలు" అని టెలిఫోనులో కబురొచ్చేది. వీళ్ళు గొట్టం తిప్పేవారు. అంతే.

నాకు పదేళ్ళప్పుడు అడిగాను: "ఎంతమందిని చంపావు తాతయ్యా?"

తమలపాకుకి సున్నం రాస్తున్న చెయ్యి ఆగింది. "ఒక రాత్రి నలభై రెండు బాంబులు వేశాంరా. వేసినవి లెక్కపెట్టాను. పడ్డచోటు నేను చూడలేదు" అన్నాడు.

బళ్ళో స్నేహితుల దగ్గర అప్పటికే గొప్పలు చెప్పుకుని ఉన్నాను. తాతయ్య నా పరువు తీశాడని రెండురోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇదంతా మావాడికి చెప్పాను. ఆట ఆపి విన్నాడు. కాసేపాగి, "మరి తెల్లారాక గుట్ట అవతలికి వెళ్ళి చూడలేదా ముత్తాత?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నాకు పదేళ్ళప్పుడు తోచలేదు. తోచే వయసు వచ్చేసరికి ఆయన లేడు. వెళ్ళి చూశాడేమో; చూసే, చూడలేదన్నాడేమో! అలిగి మాట్లాడని ఆ రెండురోజుల్లో ఒక్కసారి పక్కన కూర్చుని ఉంటే చెప్పేవాడేమో కూడా.

వచ్చి మళ్ళీ పేపర్ల ముందు కూర్చున్నాను. ఒకే పేపరు మార్కులు మూడుసార్లు కూడాను. మూడుసార్లూ మూడు లెక్కలు వచ్చాయి.