పరాయి పచ్చికపై సొంత బాట
బ్యాగులు మోసే కుర్రాళ్లు చూసి నేర్చుకున్న ఆటకు టాలీగంజ్ మైదానమే బడి

కోల్‌కతా మెట్రోలో టాలీగంజ్ వెళ్లేవారికి ముందు గుర్తొచ్చేది సినిమాయే. తెలుగు చిత్రసీమకూ స్థిరపడిపోయిన 'టాలీవుడ్' అన్న పేరు 1930లలో పుట్టింది ఈ పేట స్టూడియోలను చూసే. కానీ టాలీగంజ్‌కు మరో ముఖమూ ఉంది. రోడ్డు మీది రొద దాటి ఓ ప్రహరీ లోపలికి అడుగుపెడితే ఎటు చూసినా పచ్చిక, చెరువులు, చెట్లు. అదే రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్. 1829లో డమ్‌డమ్‌లో మొదలై, తర్వాత ఇక్కడికి మారిన ఈ క్లబ్‌కు బ్రిటిష్ దీవుల వెలుపల ప్రపంచంలోకెల్లా పురాతనమైనదన్న ఖ్యాతి ఉంది.

డెల్టా నేల కావడంతో ఇక్కడ ఎత్తుపల్లాలు తక్కువ. ఆటగాడికి పరీక్ష పెట్టేవి చెరువులే. గురి తప్పిందా, బంతి నీళ్లపాలే. అయితే ఈ మైదానంలో అంతకన్నా లోతైన గీత మరొకటి ఉంది. ఒకవైపు ఆడే సభ్యులు, మరోవైపు వారి బ్యాగులు మోసే క్యాడీలు, పచ్చికను సాకే సిబ్బంది. ఆ రెండో వైపున పుట్టినవాడే శివ్‌శంకర్ ప్రసాద్ చౌరాసియా. 1978లో పుట్టిన అతని తండ్రి ఈ క్లబ్‌లోనే పచ్చిక సంరక్షణ చూసే ఉద్యోగి. కోచ్ లేడు. సభ్యులు ఆడుతుంటే చూసి నేర్చుకోవడమే. అచ్చం ఏకలవ్య శిష్యరికం. 1997లో అతను ప్రొఫెషనల్ అయ్యాడు.

ప్రొఫెషనల్ అనగానే లక్షలు గుర్తొస్తాయి. వాస్తవం వేరు. గోల్ఫర్‌కు జీతమిచ్చే యజమాని ఉండడు. స్పాన్సర్ దొరక్కపోతే ప్రయాణం, బస, క్యాడీ కూలి అన్నీ సొంత ఖర్చే. నాలుగు రోజుల టోర్నీలో రెండో రోజు సాయంత్రం 'కట్' పడుతుంది. బరిలో దిగిన వందమందికి పైగా ఆటగాళ్లలో 65వ స్థానం దాకా ఉన్నవారు, వారితో సమంగా నిలిచినవారు సాధారణంగా మిగులుతారు. మిగతావారు పైసా లేకుండా ఇంటిదారి పట్టాల్సిందే. పేరు రాని సగటు ఆటగాడికి కప్పు సంగతి తర్వాత, కట్ దాటడమే ఆ వారం గడిచే మార్గం. చౌరాసియా పదేళ్లకు పైగా ఈ లెక్కల మధ్యే బతికాడు.

2008 ఫిబ్రవరిలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియన్ మాస్టర్స్ జరిగింది. యూరోపియన్ టూర్ భారత్‌కు రావడం అదే మొదటిసారి. ప్రైజ్‌మనీ 25 లక్షల డాలర్లు. ఎర్నీ ఎల్స్ వంటి దిగ్గజాలు వచ్చారు. మధ్యయుగపు సమాధులు, ఇరువైపులా దట్టమైన పొదలున్న ఆ ఇరుకు మైదానంలో బలంగా కొట్టడం కన్నా తిన్నగా కొట్టడమే ముఖ్యం. టాలీగంజ్ నేర్పిన విద్యా అదే. బంతిని ఎక్కువ దూరం కొట్టలేకపోయినా, గ్రీన్ దగ్గర చిన్న షాట్లలో ఆరితేరిన చౌరాసియా రెండు షాట్ల తేడాతో గెలిచాడు. నాలుగు లక్షల డాలర్లకు పైగా దక్కాయి. అంతకుమించి, యూరోప్‌లో ఆడే అర్హత దక్కింది.

అయినా గోల్ఫ్‌లో అర్హతకు గడువుంటుంది. గెలవకపోతే మళ్లీ వరుసలో నిలబడాలి. 2011లో అవంత మాస్టర్స్ నెగ్గిన చౌరాసియాకు ఇండియన్ ఓపెన్ మాత్రం ఊరించి తప్పిపోతూ వచ్చింది. 2013లో ఒక్క షాట్ తేడాతో సిద్ధీకుర్ రెహమాన్ గెలిచాడు. అతనూ ఢాకాలోని కుర్మిటోలా క్లబ్‌లో బంతులు ఏరుతూ ఎదిగినవాడే. 2015లో ప్లేఆఫ్‌లో అనిర్బన్ లాహిరి అడ్డుపడ్డాడు. చివరికి 2016లో, మళ్లీ 2017లో చౌరాసియా ఆ కప్పు అందుకున్నాడు. 112 ఏళ్ల తర్వాత గోల్ఫ్ తిరిగొచ్చిన 2016 రియో ఒలింపిక్స్‌లో చౌరాసియా, సిద్ధీకుర్ ఇద్దరూ తమ తమ దేశాల తరఫున ఆడారు.

ఈ కథ విని క్లబ్‌ల తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయనుకుంటే పొరపాటు. బ్యాగు మోసిన ప్రతి కుర్రాడూ చౌరాసియా కాలేదు. అత్యధికుల పేర్లు ఏ స్కోరు బోర్డుకూ ఎక్కలేదు. పచ్చికను సాకిన చేతులకు ఆ పచ్చికపై ఆడే హక్కు పుట్టుకతో రాలేదు. చౌరాసియాకు సైతం అది ఒక్కో షాటుతో సంపాదించుకోవలసి వచ్చింది.